కార్డ్ ఎంత స్పీడో చెప్పారు సరే... మధ్యలో ఎంతసేపు ఆగుతుందో ఎవరు చెప్తారు?

మెమరీ కార్డ్ రివ్యూలు అందరం ఒకేలా రాస్తాం. బెంచ్‌మార్క్ యాప్ ఓపెన్ చేస్తాం, అర నిమిషం ఆగుతాం, రీడ్ ఇంత, రైట్ ఇంత అని స్క్రీన్‌షాట్ పెడతాం, "ఈ ధరకి ఇదే బెస్ట్" అని ముగిస్తాం. నేను కూడా అలాంటివి బోలెడు రాశాను. మా మామ చీనీ తోటలో ఓ ఎండాకాలం మూడు వారాలు గడిపి వచ్చాక మాత్రం ఆ స్క్రీన్‌షాట్ మీద నాకు నమ్మకం పోయింది.

సంగతేంటంటే, కళ్యాణదుర్గం వైపు మామకి మూడెకరాల చీనీ ఉంది. బోరు ఒక్కటే ఆధారం. ఒకే సీజన్‌లో ఆయన సబ్‌మెర్సిబుల్ మోటర్ రెండుసార్లు కాలిపోయింది. కాలిన ప్రతిసారీ బండి పిలిపించి పైపులన్నీ పైకి లాగాలి, రీవైండింగ్‌కి ఇవ్వాలి, మళ్లీ దించాలి. ఆ నాలుగైదు రోజులు చెట్లకి నీళ్లుండవు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. ఏప్రిల్‌లో ఐదు రోజులు నీళ్లు లేకపోతే చీనీ చెట్టుకి ఏమవుతుందో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. మెకానిక్ ఒకసారి బేరింగ్ అన్నాడు, ఇంకోసారి ఓల్టేజీ అన్నాడు. మామ నన్ను చూసి, "ఫోన్ల గురించి పేజీలు పేజీలు రాస్తావు గదా అల్లుడా, ఈ మోటరు యాల కాల్తాందో కనుక్కో సూద్దాం" అన్నాడు. ఈగోకి తగిలింది, ఒప్పుకున్నా.

ప్లాన్ సింపుల్. మూడు ఫేజుల కరెంటు, మూడు ఫేజుల ఓల్టేజీ, మొత్తం ఆరు ఛానెళ్లు. ఒక్కో ఛానెల్‌ని సెకనుకి 20 వేల సార్లు కొలవాలి, ఒక్కో కొలతకి 2 బైట్లు. గుణిస్తే సెకనుకి 2,40,000 బైట్లు, అంటే దాదాపు 2 మెగాబిట్లు. 50 హెర్ట్జ్ కరెంటుకి అంత స్పీడ్ ఎందుకు అని మీరు అడగొచ్చు. స్టార్టర్‌లో కాంటాక్టర్ టకటకలాడే క్షణం కూడా కనపడాలని నా ఆశ. కొలిచే చిప్ నుంచి బిట్లు ఒక తీగ మీద ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి. వాటిని రాస్‌బెర్రీ పై పికో పట్టుకుంటుంది, మెమరీ కార్డ్‌లో రాస్తుంది. మొత్తం పవర్ బ్యాంక్ మీద నడుస్తుంది. (స్టార్టర్ డబ్బాలో 415 ఓల్టులుంటాయి. సెన్సర్లు బిగించింది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, నేను కాదు. దయచేసి మీరు కూడా వీరత్వం చూపించకండి.) కార్డ్ డబ్బా మీద సెకనుకి 100 మెగాబైట్లు అని అచ్చేసి ఉంది. నాకు కావాల్సింది అందులో నాలుగొందలో వంతు. హాయిగా సరిపోతుంది అనుకున్నా.

సరిపోలేదు. నాలుగో రోజు పొద్దున కరెంటు రాగానే స్టార్టర్ పెద్దగా చప్పుడు చేసి ట్రిప్ అయింది. మోటర్ అదృష్టం కొద్దీ బతికింది. నేను కార్డ్ తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టా. మొదటి సెకనులో తరంగం అంతా నున్నగా, చక్కగా ఉంది. గొడవ జరిగిన జాడే లేదు. మామ పక్కన నిలబడి చూసి, "కరెంటు వచ్చినప్పుడే నీ డబ్బా నిద్రపోయిందేమప్పా" అన్నాడు. ఆయన వేళాకోళానికి అన్నా, సరిగ్గా జరిగింది అదే.

మెమరీ కార్డ్ లోపల ఫ్లాష్ చిప్‌తో పాటు ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. మనం రాస్తూ ఉంటే అది మధ్యమధ్యలో పాత బ్లాకులు చెరిపి, సర్ది, కొత్త చోటు సిద్ధం చేసుకుంటుంది. ఆ పనిలో ఉన్నప్పుడు "ఆగు, బిజీ" అంటుంది. ఎస్‌డీ స్పెసిఫికేషన్ ప్రకారమే 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డ్ ఒక్క రైట్‌కి 250 మిల్లీసెకన్ల దాకా బిజీగా ఉండొచ్చు. అంతకంటే పెద్దవైన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులకైతే 500 మిల్లీసెకన్ల దాకా అనుమతి. అది లోపం కాదు, రూల్స్ లోపలే ఉంది. ఫైల్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఇలా పావు సెకను ఆగితే మీకు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే పంపే సర్వర్ కూడా ఆగుతుంది, పోయిన ముక్క మళ్లీ పంపుతుంది. కొలిచే చిప్ అలా కాదు. దానికి మీ కార్డ్ సంగతి తెలియదు. క్లాక్ కొట్టినప్పుడల్లా ఒక బిట్ తోస్తుంది. పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేదంటే పోయినట్టే.

నేను పెట్టిన బఫర్ 16 కిలోబైట్లు. మన స్పీడ్‌లో అది నిండడానికి 68 మిల్లీసెకన్లు చాలు. కార్డ్ 250 మిల్లీసెకన్లు ఆగితే మిగతా 180 మిల్లీసెకన్ల డేటా గాల్లో కలిసింది. దీంట్లో నన్ను బాగా దెబ్బకొట్టిన విషయం ఇంకోటుంది. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవర్తనం 20 మిల్లీసెకన్లు. 180 అంటే సరిగ్గా తొమ్మిది ఆవర్తనాలు. తొమ్మిది మొత్తంగా పోతే మిగిలిన రెండు కొసలు అతుకు కనపడకుండా అతుక్కుంటాయి! గ్రాఫ్ చూసి "డేటా బాగుందే" అనుకుంటాం. పోయిన డేటా కంటే పోయినట్టు తెలియని డేటా ప్రమాదం.

మరి పోవడం సరిగ్గా మోటర్ స్టార్ట్ అయ్యే క్షణంలోనే ఎందుకు? అది నా తెలివే. కరెంటు రాగానే కొత్త ఫైల్ ఓపెన్ చేసేలా కోడ్ రాశా. కొత్త ఫైల్ అంటే ఫైల్ సిస్టమ్ ఖాళీ జాగా వెతకాలి, పట్టికలు మార్చాలి, కార్డ్ లోపల సర్దుడు మొదలవుతుంది. అంటే కార్డ్‌ని ఎక్కువసేపు ఆపే పని, నాకు డేటా అత్యవసరమైన క్షణం, రెండింటినీ నేనే ఒకే ముహూర్తానికి పెట్టా.

ఇక్కడ పుట్టినవాడికి బఫర్ అంటే ఏంటో అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. అనంతపురం అనే పేరే అనంతసాగరం అనే చెరువు నుంచి వచ్చిందంటారు. పక్కనే బుక్కరాయసముద్రం, అటు బుక్కపట్నం, ధర్మవరం, సింగనమల, ఎటు చూసినా చెరువులే. మా వైపు వాన ఏడాదంతా సన్నగా పడదు, రెండు సాయంత్రాల్లో కుమ్మరించి వెళ్లిపోతుంది. పొలానికి నీళ్లు తూములోంచి నెమ్మదిగా కావాలి. మధ్యలో చెరువు. చెరువు చిన్నదైతే మరువ పారి నీళ్లన్నీ వంకలో పోతాయి. మన కోడ్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో అంటే అదే, మరువ పారడం. చెరువు ఎంత ఉండాలి అన్నది సగటు వానని బట్టి లెక్కేయరు, ఒక్క పెద్ద వానని బట్టి వేస్తారు. నేను కార్డ్ సగటు స్పీడ్ చూసి చెరువు తవ్వా. చూడాల్సింది కార్డ్ పెట్టే అతి పెద్ద విరామం.

దీన్ని నాలుగు దశాబ్దాల క్రితమే లెక్కగట్టిన వాళ్లు మన దగ్గరే ఉన్నారు. హైదరాబాద్ నుంచి కర్నూలు రోడ్డులో వస్తే షాద్‌నగర్ తగులుతుంది. అక్కడ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ల ఉపగ్రహ డేటా గ్రౌండ్ స్టేషన్ ఉంది. 1979లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల డేటా పట్టుకోవడంతో మొదలైంది. అప్పటి స్ట్రీమ్ సెకనుకి 15 మెగాబిట్లు. ఇప్పుడు మన జియో సిమ్ ముందు అదేం లెక్క అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో దాన్ని ఒకే ట్రాక్‌లో రాయడం తేలిక కాదు. అందుకే స్ట్రీమ్‌ని చీల్చి, వెడల్పాటి అయస్కాంత టేపు మీద పక్కపక్కన ఉన్న బోలెడు ట్రాకుల్లో ఒకేసారి రాసేవారు. టేపుకి ఒక మంచి గుణం ఉంది, అది మధ్యలో ఆగదు. దాని పీక్ స్పీడ్, సగటు స్పీడ్, కనిష్ట స్పీడ్ అన్నీ ఒకటే.

తర్వాత 1988 మార్చి 17న మన ఐఆర్‌ఎస్-1ఏ వెళ్లింది. 2003 అక్టోబర్ 17న శ్రీహరికోట నుంచి రిసోర్స్‌శాట్-1 వెళ్లింది. దీని డౌన్‌లింక్ సెకనుకి 105 మెగాబిట్ల చొప్పున రెండు స్ట్రీములు. కలిపితే సెకనుకి 26 మెగాబైట్లు. వీ30 అని ముద్ర ఉన్న మామూలు కార్డ్ సెకనుకి కనీసం 30 మెగాబైట్లు ఆపకుండా రాస్తానని మాట ఇస్తుంది. అంటే పేపర్ మీద చూస్తే, మీ జేబులో ఉన్న కార్డ్ రిసోర్స్‌శాట్‌ని పట్టుకోగలదు! ఉపగ్రహం కనపడేది ఒక పాస్‌లో పది నిమిషాల పైచిలుకు. పది నిమిషాలకి లెక్కేస్తే దాదాపు 16 గిగాబైట్లు. సైజు చూస్తే ఏమీ లేదు, మన ఫోన్‌లో గేమ్ ఒక్కటి అంత ఉంటుంది.

కష్టం సైజులో లేదు. ఆ పది నిమిషాల్లో ఒక్క పావు సెకను తప్పిపోతే ఏమవుతుందో చూడండి. ఉపగ్రహం కింద నేల సెకనుకి ఆరేడు కిలోమీటర్ల చొప్పున జరిగిపోతుంటుంది. పావు సెకను అంటే ఒకటిన్నర కిలోమీటర్ల పట్టీ గల్లంతు, ఒక ఊరి పొలాలన్నీ అందులో ఉండొచ్చు. మళ్లీ అదే దారిలో లిస్-3 కెమెరా రావడానికి 24 రోజులు. వెడల్పుగా చూసే ఏవైఫ్స్ కెమెరా అయితే ఐదు రోజులకోసారి వస్తుంది. ఖరీఫ్‌లో వేరుశనగ పూతకొచ్చే టైమ్‌కి పైన మబ్బులు. వాన పడదు, మబ్బు మాత్రం వదలదు, మా వాళ్లకి బాగా తెలిసిన దృశ్యం. ఆకాశం తేటగా ఉన్న ఒక్క రోజు దొరికితే ఆ రోజు పాస్ తప్పకూడదు. 1980ల చివరి నుంచి దేశంలో కరువుని ఉపగ్రహాలతో అంచనా వేసే నాడమ్స్ అనే ప్రాజెక్టు నడిచింది. పొలాల పచ్చదనాన్ని మామూలు ఏళ్లతో పోల్చి చూడటం దాని పద్ధతి. కరువు అంచనాలో ఒక మండలం ఎలా కనపడుతుందన్నది, చివరికి వెళ్తే, ఎక్కడో ఒక రికార్డర్ ఆగకుండా రాసిందా లేదా అన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఇలాంటి స్టేషన్లు పాటించే ఒక అలవాటు మన లాంటి హాబీ వాళ్లం దొంగిలించాలి. ముందు పచ్చి డేటాని వచ్చింది వచ్చినట్టు డిస్క్‌లో పడేస్తారు. బొమ్మగా మార్చడం, దిద్దడం, రంగులు, అన్నీ తర్వాత తీరిగ్గా. స్ట్రీమ్‌లో కూడా నిర్ణీత దూరంలో ఒక గుర్తు, దాని పక్కన వరస సంఖ్య ఉంటాయి. ఎక్కడ తెగిందో వెంటనే తెలుస్తుంది. నేను చేసింది దీనికి పూర్తిగా రివర్స్. పికోలోనే లెక్కలు చేసి, టెక్స్ట్‌గా మార్చి, చక్కటి కామాలతో రాయిద్దామని మొదట మొదలుపెట్టా. రెండు రోజులు అక్కడే పోయాయి.

ఇంతకీ రిపేర్ ఏంటంటే: బఫర్‌ని 128 కిలోబైట్లకి పెంచా. పికోలో మొత్తం ర్యామ్ 264 కిలోబైట్లు, అందులో దాదాపు సగం దీనికే. ఇప్పుడు కార్డ్ అర సెకను పైగా నిద్రపోయినా డేటా నిలబడుతుంది. ప్రతి 512 బైట్ల ముక్క ముందు వరస సంఖ్య. ఫైళ్లు ముందు రోజు రాత్రే 1 జీబీ చొప్పున వరసగా సృష్టించి పెట్టుకున్నా, కరెంటు వచ్చాక జాగా వెతికే పని లేకుండా. ఫైళ్లు ముక్కలెందుకంటే, తొలి రోజుల్లో ఒకే ఫైల్‌లో రాస్తుంటే ఐదు గంటలకి రెండు నిమిషాల ముందు ఆగిపోయింది. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటదు అన్న చిన్ననాటి పాఠం మర్చిపోయా. తొమ్మిది గంటల కరెంటుకి నాకు దాదాపు 7.8 జీబీ కావాలి. పవర్ బ్యాంక్ సంగతి వేరే కథ. లోడ్ మరీ తక్కువ ఉందని అది తనంతట తనే ఆఫ్ అయ్యేది. "ఫోన్ లేదు కదా, ఎందుకు నడవాలి" అని దాని లాజిక్.

తర్వాతి వారంలో దొరికింది. ఆ ఫీడర్ మీద ఉన్న రైతులందరికీ ఆటో స్టార్టర్లే. కరెంటు వచ్చిన మరుక్షణం అందరి మోటర్లూ ఒకేసారి లేస్తాయి. స్టార్టింగ్‌లో మోటర్ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఓల్టేజీ 415 నుంచి 300 దగ్గరికి పడిపోయింది. పడగానే కాంటాక్టర్ వదిలేస్తుంది, లోడ్ తగ్గి ఓల్టేజీ లేవగానే మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ పడుతుంది. రెండు సెకన్లలో ఏడుసార్లు. ప్రతిసారీ వైండింగ్‌కి ఆ ఐదారు రెట్ల దెబ్బ. ఊళ్లో ప్రతి ఎలక్ట్రీషియన్ నోటి మాటగా చెప్పేదే ఇది. కానీ గ్రాఫ్ చూపించాకే మామ, పక్క పొలాల వాళ్లు కూర్చుని ఒక్కో స్టార్టర్‌కి ఒక్కో ఆలస్యం పెట్టుకున్నారు. మామది మూడు నిమిషాలు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. "బాస్, మేం ఫోన్ కొనుక్కునే వాళ్లం, మాకెందుకు మోటర్ల గోల" అంటారేమో. మీ ఫోన్ కెమెరా కూడా సీరియల్ స్ట్రీమే. 4కే వీడియో, సెకనుకి 60 ఫ్రేములు, పిక్సెల్‌కి 10 బిట్లు అనుకుంటే సెన్సర్ నుంచి ప్రాసెసర్‌కి సెకనుకి దాదాపు 5 గిగాబిట్లు పరిగెడుతున్నాయి. దాన్ని కుదించి స్టోరేజీలో రాస్తారు కాబట్టి మనకి కనపడదు. కుదింపు తగ్గిస్తే వెంటనే బయటపడుతుంది. ఐఫోన్‌లో 4కే ప్రోరెస్ వీడియో నిమిషానికి దాదాపు 6 జీబీ అని యాపిలే చెప్పింది. అందుకే 128 జీబీ మోడల్‌లో ఫోన్ స్టోరేజీలోకి 4కే ప్రోరెస్ ఇవ్వలేదు. 15 ప్రో నుంచి బయటి ఎస్‌ఎస్‌డీలోకి నేరుగా రాయొచ్చు, కానీ దాని స్పీడ్ సెకనుకి కనీసం 220 మెగాబైట్లు ఉండాలని షరతు. ఆ ఒక్క వాక్యం నాకు నచ్చింది. "వరకు" అనకుండా "కనీసం" అన్న కంపెనీ వాక్యం అరుదు.

మిగతా అంతా "వరకు"ల లోకం. చవక ఎస్‌ఎస్‌డీల్లో, ఫోన్ స్టోరేజీల్లో మొదటి కొన్ని గిగాబైట్లు వేగంగా రాసే క్యాష్‌లోకి వెళ్తాయి. అది నిండాక ఎద్దుల బండి. మన బెంచ్‌మార్క్ యాప్ ఆ క్యాష్ నిండేలోపే పని ముగిస్తుంది. వీ30 మాట కూడా, రికార్డర్ పద్ధతి ప్రకారం పెద్ద పెద్ద వరస ముక్కలుగా రాస్తేనే చెల్లుతుంది. నా పికో లాగా చిన్న ముక్కలతో రాస్తే ఆ హామీ లేదు. ఇక పోర్ట్ చూడండి. టైప్-సీ రంధ్రం పెట్టి లోపల 2000 నాటి యూఎస్‌బీ 2.0 ఇవ్వడం మామూలైపోయింది. మామూలు ఐఫోన్ 15లోనూ అదే. కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకి 40 మెగాబైట్లకి లోపే. వెయ్యి రూపాయల లోపు దొరికే 24 మెగాహెర్ట్జ్ లాజిక్ అనలైజర్లు కూడా ఇదే దారిలో సెకనుకి 24 మెగాబైట్లు తోస్తాయి, వాటి చిప్ లోపల ఉండే చెరువు 4 కిలోబైట్లు. పీసీ వైపు నుంచి 170 మైక్రోసెకన్లు పలుకు లేకపోతే మరువ పారడమే. అయినా ఆ చవక డబ్బాని నేను గౌరవిస్తా. పల్స్‌వ్యూలో దాన్ని వాడుతుంటే డేటా తప్పిపోయినప్పుడు క్యాప్చర్ మధ్యలో ఆగిపోతుంది, అతికించి అబద్ధం చెప్పదు.

రివ్యూ రాసే మనం కూడా అంత నిజాయితీగా ఉండొచ్చు. కార్డ్ అయినా, ఎస్‌ఎస్‌డీ అయినా, ఫోన్ అయినా సగం నింపాక టెస్ట్ మొదలుపెట్టాలి. కనీసం అరగంట ఆపకుండా రాయించాలి. సగటుతో పాటు అతి పెద్ద విరామం ఎన్ని మిల్లీసెకన్లో ఒక అంకె వేయాలి. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, ప్రతి రైట్‌కి ముందూ వెనకా టైమ్ నోట్ చేసే ఇరవై లైన్ల ప్రోగ్రాం చాలు. ఎండ కూడా లెక్కలోకి రావాలి. 24 డిగ్రీల ఏసీ గదిలో తీసిన అంకె మా అనంతపురం ఏప్రిల్‌లో 42 డిగ్రీల దగ్గర పనికిరాదు. ఫోన్ వేడెక్కి స్పీడ్ తగ్గించుకుంటుంది, ఆ తగ్గింపే ఇక్కడి వాళ్లు రోజూ వాడే ఫోన్.

ఈ మాట మా ఎడిటర్‌తో అంటే "అరగంట టెస్ట్ చేస్తూ కూర్చుంటే రోజుకి ఒక్క రివ్యూ కూడా రాదు" అన్నాడు. నిజమే, రాదు. నా దగ్గర ఇప్పుడు నాలుగు కార్డులున్నాయి, అన్నీ సొంత డబ్బుతో కొన్నవే. వచ్చే ఏప్రిల్‌లో మామ ఇంటి మిద్దె మీద, మధ్యాహ్నం పన్నెండుకి మొదలుపెడతా.